పది వేల డాలర్ల గీత
(సోమాజిగూడలో జరిగిన స్మారకోపన్యాసం పాఠం)



మా సీనియర్ గారు సివిల్ లాయరు. ఆస్తి పంపకాలు, అద్దె తగాదాలు, రిజిస్ట్రేషన్లు ఆయన పని. అమెరికా చట్టంతో ఆయనకు సంబంధం లేదు. అయినా ఆయన పేరిట జరిగే సభలో అక్కడి డిపోర్టేషన్ గురించి మాట్లాడాలనుకోవడానికి కారణం ఉంది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటొకటి బాగా గుర్తుంటుంది. క్లయింటు ఎంత చదువుకున్నవాడైనా సరే, సంతకం పెట్టించే ముందు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించేవారు. తర్వాత, "ఇప్పుడు నువ్వు చెప్పు, దీని మీద సంతకం పెడితే నీకేం పోతుంది?" అని అడిగేవారు. క్లయింటు తన మాటల్లో సరిగ్గా చెప్పేదాకా పెన్ను చేతికిచ్చేవారు కాదు. బయట పదిమంది వెయిటింగులో ఉన్నా ఆ పద్ధతి మారేది కాదు.

నేను చెప్పదలుచుకున్నది ఆ పెన్ను గురించే. మోసం కేసులో ఇరుక్కున్న వలసదారు ఆ దేశంలో ఉంటాడా, తిరుగు విమానం ఎక్కుతాడా అన్నది చాలావరకు ఇమ్మిగ్రేషన్ కోర్టులో తేలదు. అంతకంటే ఎంతో ముందే, క్రిమినల్ కోర్టులో నేరం ఒప్పుకుంటూ అతను సంతకం పెట్టే కాగితంలో తేలిపోతుంది. ఆ సంతకం వెనక చాలాసార్లు హైదరాబాద్ నుంచి వెళ్లిన ఫోన్ ఉంటుంది. "ఒప్పేసుకుని బయటపడు నాయనా" అనే ఫోన్.

నాకు అమెరికాలో ప్రాక్టీసు చేసే లైసెన్సు లేదు. ఇక్కడి కుటుంబాల తరఫున అక్కడి అటార్నీలతో మాట్లాడటం, వాళ్లు పంపే కాగితాలు ఇంట్లోవాళ్లకు చదివి చెప్పడం నా పని. ఆ పనిలో తెలిసిందే మీ ముందు పెడుతున్నాను.

ఈ హాల్లోంచి బయటికొచ్చి పంజాగుట్ట మీదుగా నడుచుకుంటూ పోతే కాసేపట్లో అమీర్‌పేట వస్తుంది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అమెరికా కాన్సులేట్ కూడా ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. మన రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లలో ఎంతోమంది ఈ రెండు మూడు కిలోమీటర్ల మేర ఎప్పుడో ఒకప్పుడు తిరిగినవాళ్లే. ఇక్కడ నిజంగా పని నేర్పే గురువులున్నారు, కష్టపడి నేర్చుకునే పిల్లలున్నారు. వాళ్ల పక్క గదుల్లోనే చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, బ్యాంకులో నెల్లాళ్లు డబ్బు వేసి వడ్డీ పట్టుకుని తీసేసుకునే "ఫండింగ్" చూపించడాలూ ఉన్నాయి. ఇవి మనందరికీ తెలిసినవే. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "సార్, కేసు పడింది. పంపించేస్తారా?"

జవాబు ఆ మనిషి చేతిలో ఏ కాగితం ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాడిని కేవలం చార్జి పడిందని పంపలేరు. నేరం రుజువు కావాలి, లేదా అతను ఒప్పుకోవాలి. ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలకు, హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకు ఇంత గట్టి రక్షణ లేదు. అరెస్టు అయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. దానివల్ల ఆ రోజే దేశం వదిలి పొమ్మని కాదు గానీ, ఒకసారి బయటికొస్తే మళ్లీ కొత్త వీసా కోసం నిలబడాలి. 2025 వసంతంలో ఏం జరిగిందో ఇక్కడున్న తల్లిదండ్రులు మర్చిపోయి ఉండరు. పోలీసు డేటాబేస్‌లో పేరు కనిపించిందని వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విద్యార్థి హోదా నమోదులు, రద్దు చేశారు. కేసు కొట్టేసినవాళ్లున్నారు, అతి చిన్న ట్రాఫిక్ విషయంలో పేరెక్కినవాళ్లున్నారు. పిల్లలు కోర్టులకు వెళ్లారు. ఒకదాని వెనక ఒకటి స్టేలు వచ్చాయి. ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తున్నట్టు కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. న్యాయస్థానాలు నిలబడ్డాయి కాబట్టి ఆ పిల్లలు నిలబడ్డారు.

ఇక స్టేటస్ పోయినవాళ్లు. వాళ్లను పంపించడానికి ఏ నేరమూ రుజువు కానక్కర్లేదు. దానికి తోడు 2025 జనవరి 29న లేకెన్ రైలీ చట్టం వచ్చింది. దొంగతనం, షాపులో వస్తువు ఎత్తుకెళ్లడం లాంటి ఆరోపణతో అరెస్టు అయితే చాలు, అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్లను ఇమ్మిగ్రేషన్ నిర్బంధంలో ఉంచి తీరాలని అది చెబుతుంది. వీసా కోసం అబద్ధం చెప్పినవాళ్లూ ఆ చట్టం పరిధిలోకి వస్తారు. అంటే ఇక్కడ సంపాదించిన నకిలీ సర్టిఫికెట్టు, అక్కడ సెల్ఫ్ చెకౌట్ దగ్గర స్కాన్ చేయని చిన్న వస్తువు కలిస్తే బెయిలు లేని నిర్బంధం దాకా పోవచ్చు. రెండిటికీ మధ్య ఏళ్లు గడిచిపోయినా సరే.

మోసం నేరం వలసదారుని రెండు దారుల్లో పట్టుకుంటుంది.

మొదటిది పాతది. నైతిక పతనంతో కూడిన నేరం చేస్తే డిపోర్ట్ చేయవచ్చని అమెరికా చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. ఏది నైతిక పతనం అన్నదాని మీద అక్కడి కోర్టులు నూరేళ్లుగా తగువులాడుతున్నాయి. ఒక్క మోసం విషయంలో మాత్రం తగువు లేదు. 1951లో జోర్డాన్ వర్సెస్ డి జార్జ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. మద్యం మీద పన్ను ఎగవేసిన ఒక ఇటలీ వలసదారు కేసది. మోసం చేయాలన్న ఉద్దేశం నేరంలో ఉంటే అది నైతిక పతనమేనని తీర్పు. ఇవాళ్టి చట్టం ప్రకారం, దేశంలో ప్రవేశం పొందిన ఐదేళ్లలోపు అలాంటి నేరం ఒక్కటి చేసి, దానికి ఏడాది లేదా అంతకుమించి శిక్ష వేసే వీలుంటే డిపోర్ట్ చేయవచ్చు. వేరువేరు సందర్భాల్లో రెండు చేస్తే ఐదేళ్ల లెక్క కూడా లేదు. ఇక్కడ ఒక్కటి గమనించండి. చూసేది పడిన శిక్షను కాదు, చట్టప్రకారం పడగలిగిన గరిష్ఠ శిక్షను. జడ్జి ఒక్క రోజు కూడా జైలు వేయకపోయినా సరే, గరిష్ఠం ఏడాది అయితే చాలు. అందుకే కాలిఫోర్నియా 2015 నుంచి చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించింది. న్యూయార్క్ 2019లో అదే పని చేసింది. ఆ ఒక్క రోజు తీసేయడం వల్ల ఎన్ని కుటుంబాలు విడిపోకుండా మిగిలాయో! టెక్సాస్‌లో అలాంటి సవరణ రాలేదు. అక్కడ క్లాస్ ఏ మిస్‌డిమీనర్ అనే చిన్న నేరానికి ఇప్పటికీ ఏడాది దాకా శిక్ష ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లూ, శాన్‌హోజేలో ఉన్న మనవాళ్లూ ఒకే పని చేస్తే రెండు వేరు ఫలితాలు రావచ్చు.

రెండో దారి చాలా కఠినమైనది. "అగ్రవేటెడ్ ఫెలనీ" అని ఒక జాబితా ఉంది. హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాల వ్యాపారం అందులో ఉన్నాయి. వాటి పక్కనే, బాధితులకు పది వేల డాలర్లకు మించి నష్టం కలిగించిన మోసం కూడా ఉంది. 1994లో ఈ పద్దు చేర్చినప్పుడు గీత రెండు లక్షల డాలర్ల దగ్గర గీశారు. రెండేళ్లు తిరక్కుండానే, 1996లో, దాన్ని పది వేలకు దించేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ధరలు ఎంత పెరిగినా ఆ అంకె కదల్లేదు. మన లెక్కలో సుమారు తొమ్మిది లక్షల రూపాయలు. చాలా యూనివర్సిటీల్లో ఒక సెమిస్టర్ ఫీజు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఆ గీత దాటితే ఏమవుతుంది? గ్రీన్‌కార్డు వచ్చి ముప్ఫై ఏళ్లయినా రక్షణ లేదు. పిల్లలు అక్కడే పుట్టారు, ఇల్లు కొనుక్కున్నాను, తల్లిదండ్రులు నా మీదే ఆధారపడి ఉన్నారు అని చెప్పుకుని మన్నింపు అడిగే దారి గ్రీన్‌కార్డువాళ్లకు చట్టంలో ఒకటుంది, అది మూసుకుపోతుంది. ఆశ్రయం అడగలేరు. నిర్బంధం తప్పనిసరి. పౌరసత్వానికి శాశ్వతంగా అనర్హులు. పంపేశాక మళ్లీ అడుగు పెట్టాలంటే ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కావాలి. ఇమ్మిగ్రేషన్ జడ్జికి ఆ మనిషి మీద జాలి కలిగినా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. 1996 నాటి ఆ సవరణ అన్యాయమైనదని నా నమ్మకం. మనిషి బతుకంతా ఒక పక్కన, ఒక అంకె ఇంకో పక్కన పెట్టి, అంకె ఒక్కటే చూడమని న్యాయమూర్తికి చెప్పే చట్టం ఎక్కడున్నా అన్యాయమే.

ఆ అంకె ఎలా లెక్కగడతారో కూడా తెలుసుకోవాలి. 2009లో నిజవాన్ వర్సెస్ హోల్డర్ అని ఒక తీర్పు వచ్చింది. ఈ నిజవాన్ 1985లో భారతదేశం నుంచి వెళ్లిన మనిషి, గ్రీన్‌కార్డు ఉంది. బ్యాంకుల్ని మోసగించిన కేసులో జ్యూరీ దోషి అంది. నష్టం ఎంతో జ్యూరీ చెప్పలేదు. కానీ శిక్ష ఖరారు చేసే దశలో, నష్టం పది కోట్ల డాలర్లకు మించిందని ఆయన ఒప్పుకున్న కాగితం రికార్డులో ఉంది. అది చాలు అంది సుప్రీంకోర్టు, ఏకగ్రీవంగా. అంత పెద్ద కేసు కాబట్టి ఆయన మీద మనకు జాలి కలగకపోవచ్చు. కానీ ఆ తీర్పు చిన్నవాళ్లకూ అదే కొలత. నష్టం అంకె కోసం ఇమ్మిగ్రేషన్ జడ్జి క్రిమినల్ కోర్టు ఫైలు మొత్తం తిప్పవచ్చు: ప్లీ ఒప్పందం (నేరం ఒప్పుకునే కాగితం), శిక్ష విచారణలో చెప్పిన మాట, బాధితులకు కట్టమన్న నష్టపరిహారం ఉత్తర్వు. అదే తీర్పులో మనకు పనికొచ్చే మాట కూడా ఉంది. లెక్కలోకి వచ్చే నష్టం, శిక్ష పడిన ఆ ఆరోపణకే ముడిపడి ఉండాలి. కొట్టేసిన ఆరోపణల తాలూకు డబ్బు అందులో కలపకూడదు.

2012లో కవాషిమా కేసు. దక్షిణ కాలిఫోర్నియాలో రెస్టారెంట్లు నడిపిన జపాన్ దంపతులు, 1984 నుంచి శాశ్వత నివాసులు. తప్పుడు పన్ను రిటర్ను వేశామని ఒప్పుకున్నారు. పన్ను నేరం కూడా ఈ మోసం పద్దులోకే వస్తుందని ఆరుగురు న్యాయమూర్తులు అన్నారు, ముగ్గురు కాదన్నారు. మనవాళ్లలో గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు, కన్సల్టింగ్ కంపెనీలు నడిపేవాళ్లు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే ఈ తీర్పు ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించిన కేసు రోసెల్వా చైడెజ్‌ది. మెక్సికో నుంచి 1971లో వచ్చింది, 1977లో గ్రీన్‌కార్డు వచ్చింది. కారు ప్రమాదం బీమా మోసంలో చిన్న పాత్ర. మొత్తం మోసం 26,000 డాలర్లు. ఆమెకు ముట్టింది 1,200. లాయరు చెప్పినట్టు నేరం ఒప్పుకుంది. జైలు పడలేదు, ప్రొబేషన్ వేసి పంపించారు. కేసు అయిపోయిందనుకుంది. ఏళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ పాత కాగితం బయటికి తీసి డిపోర్టేషన్ మొదలుపెట్టారు. లెక్కలోకి వచ్చింది ఆమెకు దక్కిన 1,200 కాదు, బాధితులు పోగొట్టుకున్న 26,000.

ఈ సంగతి మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. ఈ మధ్య అమెరికాలో ముసలివాళ్లకు ఫోన్ చేసి, బ్యాంకు నుంచో పోలీసు శాఖ నుంచో మాట్లాడుతున్నామని బెదిరించి, దాచుకున్న నగదో బంగారమో తీయించి, ఇంటికొచ్చే మనిషికి ఇవ్వమనే ముఠాలు పెరిగాయి. ఆ పార్శిల్ తీసుకోవడానికి వెళ్లి పట్టుబడ్డవాళ్లలో మన దేశపు విద్యార్థులున్నారు. తీసుకొచ్చి ఇస్తే కొన్ని వందల డాలర్లు ఇస్తామంటారు. ఒక్క పార్శిల్‌తోనే పది వేల గీత దాటిపోతుంది. ముఠాలో నాది చిన్న భాగం అంటే శిక్ష తగ్గవచ్చు గానీ, ఆ గీత దగ్గర అది పనికిరాదు. కుట్రలో పాలుపంచుకోవడం కూడా అదే జాబితాలో ఉంది. ఇక్కడ ఆగి ఒక్క మాట. ఆ ముసలమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి మన పిల్లవాడికి ఇచ్చినది ఆమె జీవితకాలపు పొదుపు. నేను డిపోర్టేషన్ చట్టాన్ని విమర్శిస్తున్నానంటే మోసాన్ని సమర్థిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలి, పోగొట్టుకున్నవాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి రావాలి. ఆ శిక్షకు పైన రెండో శిక్ష ఉందని తెలియకుండా సంతకం పెట్టకూడదన్నదే నా మొర.

ఎందుకు పెడతారు మరి? నాంపల్లి కోర్టులకు అలవాటుపడ్డ మన మనసుకు అక్కడి పద్ధతి అంతుపట్టదు. ఇక్కడ కేసంటే వాయిదాలు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఇద్దరూ ఇంటికి పోతారు, మచ్చ మిగలదు. నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే పద్ధతి మనకూ 2006 నుంచి ఉంది, వాడేవాళ్లు అరుదు. అమెరికాలో తలకిందులు. 2012లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది, ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరాంగీకారం మీదే పడుతున్నాయని. విచారణ దాకా వెళ్లడమే అక్కడ అరుదు. ప్లీ అనగానే ఇక్కడి నాన్నకు లోక్ అదాలత్ రాజీ గుర్తొస్తుంది. జైలు లేదంటున్నారు, డబ్బు కడితే అయిపోతుందంటున్నారు, ఇంకేం కావాలి అనుకుంటాడు.

ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ టీచరు నా దగ్గరికి వచ్చారు. అల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు, గ్రీన్‌కార్డు వచ్చి ఏడేళ్లు. ఒక క్లినిక్‌లో బిల్లింగ్ చూసేవాడు. చేయని పరీక్షలకు బీమా కంపెనీకి బిల్లులు వెళ్లాయి, ఇతనికి తెలిసే వెళ్లాయి. ప్రాసిక్యూటర్ మంచి ఆఫరే ఇచ్చాడు: ఒక ఆరోపణ ఒప్పుకుంటే జైలు అడగం, ప్రొబేషన్‌కు అభ్యంతరం లేదు అని. మాస్టారు ఆ కాగితం ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొచ్చారు. "రేపు పొద్దున సంతకం పెడతాడు సార్, ఒకసారి మీరు చూస్తారని" అన్నారు. నేను ఒక్కో పేరా తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాను. మూడో పేజీలో నష్టం దగ్గర 14,000 చిల్లర ఉంది. మొత్తం బిల్లుల లెక్క అది. దాని కిందే ఇంకో లైను: ఇమ్మిగ్రేషన్ పర్యవసానాలు ఉండవచ్చని నాకు తెలుసు, అయినా ఒప్పుకుంటున్నాను అని. ఆ లైను పక్కన పొడి సంతకానికి చిన్న గడి. ఫోన్లో చూస్తే గోరంత కూడా ఉండదు.

ఆ రాత్రే అల్లుడి లాయరుతో మాట్లాడాం. ఆయన మంచి క్రిమినల్ లాయరు, ఇమ్మిగ్రేషన్ లాయరును మాత్రం సంప్రదించలేదు. సంప్రదించాక వాయిదా అడిగాడు. రెండు నెలల బేరం తర్వాత, ఒప్పుకునే ఆరోపణను కొన్ని నిర్ణీత బిల్లులకే పరిమితం చేసి, వాటి నష్టం తొమ్మిది వేల లోపని స్పష్టంగా రాయించారు. మిగతా సొమ్ము వేరుగా ముందే కట్టేశారు. దానికి బదులు ప్రాసిక్యూటర్ కొన్ని నెలల గృహ నిర్బంధం అడిగాడు. ఇంట్లో అందరూ భయపడ్డారు, శిక్ష పెరిగిందని. క్రిమినల్ లెక్కలో పెరిగింది నిజమే. అదే అతన్ని భార్యాపిల్లలతో అక్కడ ఉంచింది. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు దాటాక జరిగిన ఒక్క నేరం కాబట్టి మొదటి దారి తగల్లేదు, అంకె గీత లోపల ఉంది కాబట్టి రెండోదీ తగల్లేదు.

అయినా అతను ఇండియా రాలేడు. గ్రీన్‌కార్డు ఉన్నవాడు దేశం లోపల ఉన్నంతసేపు ఒక లెక్క, బయటికెళ్లి తిరిగొస్తే ఇంకో లెక్క. ఇలాంటి నేరం మీద పడ్డాక విమానం దిగితే, కొత్తగా వస్తున్న మనిషిని ఆపినట్టు ఎయిర్‌పోర్టులో ఆపవచ్చు. గ్రీసు నుంచి వచ్చిన వర్టేలాస్ అనే వలసదారుకు ఇదే జరిగింది. 1994లో నేరం ఒప్పుకున్నాడు, 2003లో తల్లిదండ్రుల్ని చూసి తిరిగొస్తుంటే న్యూయార్క్‌లో ఆపారు. ఇలా ఆపే నిబంధన 1996లో వచ్చింది, అంతకుముందు ఒప్పుకున్నవాళ్లకు అది వర్తించదని 2012లో సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. తర్వాత ఒప్పుకున్నవాళ్లకు ఆ ఊరట లేదు. మాస్టారి అల్లుడు వాళ్ల నాన్న పోతే ఫోన్లోనే చూశాడు.

ఇంకో పొరపాటు అభిప్రాయం చాలామందికి ఉంది. "రికార్డు తుడిచేస్తారట సార్, ఎక్స్‌పంజ్ చేస్తారట" అంటారు. రాష్ట్ర కోర్టు తుడిచేసినా, శిక్ష అనుభవించాడు కదా అని మన్నించి తుడిచినదైతే ఇమ్మిగ్రేషన్ చట్టానికి ఆ నేరం ఉన్నట్టే. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఉంది. నేరం ఒప్పుకుని, షరతులు పాటిస్తే దోషి అని తీర్పు రాయకుండా కేసు కొట్టేస్తారు. అక్కడి పౌరుడికి అది గొప్ప అవకాశం. వలసదారుకు, 1996 నిర్వచనం ప్రకారం, అది శిక్ష పడ్డట్టే. నేరం ఒప్పుకోవడం, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టడం, ఈ రెండూ ఉంటే చాలు. న్యూజెర్సీలో ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ అని, విచారణకు ముందే షరతుల మీద కేసు ముగించే పథకం ఉంది. నేరం ఒప్పుకోకుండా అందులో చేరగలిగితే ఆ ముద్ర పడదు. ఏ రాష్ట్రం, ఏ పథకం, ఒప్పుకోవడం ఉందా లేదా అన్నది అడగకుండా వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పింది నమ్మితే ఇల్లు కూలుతుంది.

లాయరు బాధ్యత ఏమిటన్నది 2010 మార్చి 31న తేలింది. పడియా వర్సెస్ కెంటకీ. హోండురస్‌లో పుట్టి, అమెరికా సైన్యం తరఫున వియత్నాంలో పోరాడి, నలభై ఏళ్లకు పైగా అక్కడే ఉన్న మనిషి. ఇన్నేళ్లు ఉన్నావు కాబట్టి ఇమ్మిగ్రేషన్ సంగతి బెంగ పెట్టుకోకు అన్నాడట లాయరు. ఆ మాట నమ్మి ఒప్పుకున్నాడు. డిపోర్టేషన్ ముప్పు గురించి చెప్పడం క్రిమినల్ లాయరు రాజ్యాంగబద్ధ బాధ్యత అని సుప్రీంకోర్టు ఆ రోజు ప్రకటించింది. మన వృత్తిలో ఇంత మానవీయమైన తీర్పులు తక్కువ. 2013 డిసెంబరు నుంచి ఫెడరల్ జడ్జీలు కూడా ప్లీ తీసుకునే ముందు హెచ్చరించాలి. కాలిఫోర్నియాలో ఆ నిబంధన 1978 నుంచే ఉంది. కానీ చైడెజ్‌కు ఆ తీర్పు అందలేదు. ఆమె ఒప్పుకున్నది 2003లో, తీర్పు వచ్చింది 2010లో. వెనకటి కేసులకు వర్తించదని 2013లో అదే సుప్రీంకోర్టు ఆమెకు చెప్పింది.

పైగా జడ్జి హెచ్చరిక వేరు, లాయరు సలహా వేరు. జడ్జి చదివేది అందరికీ ఒకటే వాక్యం. నీ కేసులో ఈ సెక్షన్ మారిస్తే ఉంటావు, ఈ అంకె తగ్గిస్తే ఉంటావు అని జడ్జి చెప్పడు. అది లాయరు చెప్పాలి. ఆ తర్వాత వచ్చే ఇమ్మిగ్రేషన్ కోర్టులో డబ్బు లేనివాళ్లకు ప్రభుత్వం లాయరును ఇవ్వదు, అది సివిల్ వ్యవహారం అంటుంది. అందుకే మొదటి కోర్టులోనే జాగ్రత్తపడాలి.

ఇప్పుడు అమీర్‌పేట సందుల్లోకి తిరిగి వస్తాను. శిక్ష అక్కర్లేకుండా మనిషిని దేశం నుంచి దూరం చేసే మోసం ఇంకొకటుంది. వీసా కోసం, ప్రవేశం కోసం చెప్పిన అబద్ధం. క్రిమినల్ కేసు పెట్టనక్కర్లేదు. కాన్సులేట్ అధికారో ఎయిర్‌పోర్టు అధికారో అబద్ధమని తేల్చి రాస్తే చాలు, ఆ మనిషికి జీవితకాల నిషేధం. మినహాయింపులు ఉన్నాయి గానీ దొరకడం కష్టం. 2023 ఆగస్టులో ఒక్క రోజే అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుల నుంచి 21 మంది విద్యార్థుల్ని తిప్పి పంపారు. అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలే. అలా పంపితే మామూలుగా ఐదేళ్లు రాకూడదు. అబద్ధం చెప్పారని కూడా రాస్తే ఐదేళ్లు కాస్తా ఎప్పటికీ అవుతుంది.

మనం రెండు పెద్ద దెబ్బలు తిన్నాం. 2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగింది. చదువు లేదు, ఫీజు కడితే స్టేటస్. అక్కడ చేరినవాళ్లలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫోటోలు చూసి దేశమంతా బాధపడింది. ఆ యూనివర్సిటీ నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష వేశారు. తర్వాత ఫార్మింగ్‌టన్. మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో అమెరికా ప్రభుత్వమే రహస్యంగా పెట్టిన యూనివర్సిటీ అది. పాఠాలు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. ప్రభుత్వ జాబితాలో మాత్రం గుర్తింపు ఉన్నట్టు చూపించారు. 2019 జనవరి చివర్లో దాన్ని బయటపెట్టారు. మొదటి విడతలో 130 మంది దాకా విద్యార్థుల్ని పట్టుకున్నారు, ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే, అందులో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఆ ఏడాది చివరికి సంఖ్య 250 దాకా చేరింది. ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి మన విదేశాంగ శాఖ నిరసన పత్రం ఇచ్చింది.

ఆ విద్యార్థుల మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. స్టేటస్ పోయిందన్న సివిల్ కారణంతోనే పంపించారు. క్రిమినల్ కేసు పడింది ఎనిమిది మంది రిక్రూటర్ల మీద. వాళ్లూ మన యువకులే. ఒక్కో విద్యార్థిని చేర్చినందుకు డబ్బు తీసుకున్నారు. వీసా మోసానికి కుట్ర అని చార్జి పెట్టారు. నేరం ఒప్పుకున్నారు, ఏడాది నుంచి రెండేళ్ల దాకా శిక్షలు పడ్డాయి, అనుభవించాక దేశం నుంచి పంపే ప్రక్రియ. పిల్లలు తప్పు చేయలేదని నేను అనను. పాఠాలు లేని కాలేజీకి ఫీజు కడుతున్నామని చాలామందికి తెలుసు. కానీ వల వేసిన ప్రభుత్వమే ఫీజులు వసూలు చేసి ఉంచుకోవడాన్ని ఏ న్యాయం ఒప్పుకుంటుంది? ఒక విద్యార్థి ఆ ఫీజు వెనక్కి ఇమ్మని దావా వేశాడు. కింది కోర్టు మా పరిధి కాదంది. 2024 జూన్‌లో అప్పీళ్ల కోర్టు ఆ మాట కొట్టేసి, దావా వినాల్సిందేనంది. ఆ పిల్లవాడి పట్టుదలకు నా నమస్కారం.

ఈ సభలో బార్ పెద్దలున్నారు కాబట్టి ఒక కోరిక. మా సీనియర్ గారి పేరిట ప్రతి ఏడాదీ ఉపన్యాసం పెడుతున్నాం, మంచిదే. దానితో పాటు ఇక్కడే, సోమాజిగూడలోనే, వారానికి ఒక సాయంత్రం ఒక బల్ల వేద్దాం. పిల్లల కాగితాలు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులకు రుసుము లేకుండా తెలుగులో చదివి చెబుదాం. సలహా అక్కడి అటార్నీలే ఇవ్వాలి, మనం చదువుదాం. ఎనిమిది మంది జూనియర్లు ఇప్పటికే ముందుకొచ్చారు. ప్లీ కాగితంతో వచ్చినవాళ్ల దగ్గర అక్కడి లాయరును అడగాల్సిన ప్రశ్నలు రాసి ఇద్దాం: ఒప్పుకుంటున్నది ఏ సెక్షన్, దాని గరిష్ఠ శిక్ష ఎంత, నష్టం అని కాగితంలో ఏ అంకె రాస్తున్నారు, నష్టపరిహారం ఉత్తర్వులో ఏ అంకె వస్తుంది, ఇమ్మిగ్రేషన్ అటార్నీ ఈ ముసాయిదా చూశాడా, చూసి రాతపూర్వకంగా ఏమన్నాడు, ఇది అయ్యాక దేశం దాటి వెళ్లి రావచ్చా. అరెస్టయిన విదేశీయుడికి తన దేశపు కాన్సులేట్‌కు కబురు పెట్టించుకునే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చిందని కూడా ఆ కాగితం మీదే అచ్చు వేద్దాం. అక్కడ సాయంత్రమంటే ఇక్కడ తెల్లవారుజాము. మర్నాడు పొద్దున కోర్టు ఉందని ఫోన్ వచ్చేది ఆ వేళకే. కాబట్టి ఆ బల్ల దగ్గర ఒక ఫోన్ నంబరు కూడా ఉండాలి, రాత్రి ఎత్తే మనిషి ఉండాలి. మొదటి నెల ఆ ఫోన్ నా దగ్గర ఉంచండి.